గవరయ్య గారి గంట వెలుగు

నమోదు 1

తెప్పసీమలో వచ్చి పడ్డాను. పడ్డాను అని ఊరికే రాయలేదు. పడవలోంచి తెప్ప మీద కాలు పెట్టేసరికి ఊరు ఊరంతా కిందికి వంగి మళ్ళీ పైకి లేచింది, నేను చతికిలబడ్డాను. నలుగురు నవ్వారు. ఒక పెద్దావిడ వచ్చి చెయ్యి పట్టుకుని లేపింది. లేపినందుకు ఎంత ఇచ్చుకోవాలని అడిగాను. మా వెలుగుమిట్టలో అలా అడగడం మర్యాద. ఆవిడ నా పెట్టె కూడా ఎత్తుకుని ముందు నడిచింది.

ఆవిడ పేరు అచ్చియ్యమ్మ. మా లెక్కల శాఖవాళ్ళు నాకు బస ఏర్పాటు చేసింది ఆవిడ ఇంట్లోనే. ఇల్లంటే పీపాల మీద పలకలు, పలకల మీద రెండు గదులు, ముందు చిన్న వసారా. పక్క ఇల్లు కూడా అదే తాడుకు కట్టి ఉంది. ఒకరింట్లో పిల్లలు గెంతితే వరసలో ఇళ్ళన్నీ ఊగుతాయి. మొదటి పూటంతా నేను గోడలు పట్టుకునే తిరిగాను.

నా ఉద్యోగం సంగతి చెబితే ఎవరికీ నచ్చేలా లేదు. ఒకే వస్తువు, ఒకే పని, మా దేశంలో ఎంతకు దొరుకుతుంది, ఇక్కడ ఎంతకు దొరుకుతుంది అని ఇల్లిల్లూ తిరిగి కనుక్కోవాలి. సంపన్న దేశమైన మా మిట్ట స్థూల జాతీయ ఆదాయాన్నీ, తెప్పసీమ, ఉప్పువాడ లాంటి మధ్య ఆదాయ దేశాల ఆదాయాన్నీ పక్కపక్కన నిలబెట్టాలంటే ముందు ధరలు సరిపోల్చాలి. మా దగ్గర ఒక్క క్షవరానికి అయ్యే డబ్బుతో ఇక్కడ ఇంటిల్లిపాదీ వారం తింటారు. ఆ తేడా పట్టుకోవడానికి వచ్చానని తెలిసి, సాయంత్రానికల్లా వీధివాళ్ళు నాకు పోలికలమ్మ అని పేరు పెట్టేశారు.

మబ్బుకాలం మొదలైంది. ఆకాశం ఇళ్ళ కప్పుల దాకా దిగి అక్కడే కూర్చుంది. నెలల తరబడి ఇంతేనట. మబ్బుల పైన ఎండలో పుట్టి పెరిగిన మా మిట్టవాళ్ళకు ఈ మబ్బు కింద నిద్ర ముంచుకొస్తుందని, అది ఒకసారి పట్టిందంటే లేపడం కష్టమని శాఖ ఒక చేతిదీపం ఇచ్చి పంపింది. రోజూ పొద్దున్నే ముఖం మీద వేసుకోవాలి. వేసుకున్నాను. గోరువెచ్చగా, ఇంటి దగ్గర ఉన్నట్టు అనిపించింది.

నమోదు 2

పక్క గదిలో పడుకుని ఉన్నది అచ్చియ్యమ్మ గారి భర్త గవరయ్య గారు. ఆయనకు మబ్బునిద్ర పట్టింది. వయసు మళ్ళిన వాళ్ళకు ఇక్కడ కూడా అప్పుడప్పుడు పడుతుందట. రోజుకు ఒక గంటసేపు మా మిట్ట అద్దాలు పైనుంచి తెప్పసీమ మీదకు ఎండను వంచుతాయి. ఆ గంటలో ఆయన మేలుకుంటారు. గంట దాటగానే మళ్ళీ నిద్ర.

మధ్యాహ్నం నా కళ్ళతో చూశాను. నలుగురు కలిసి ఆయన్ని మంచంతో సహా వసారాలోకి తెచ్చారు. మబ్బుకు ఎవరో కిటికీ తెరిచినట్టు వెలుగు దిగింది. నీళ్ళు, తాళ్ళు, ఆరేసిన చేపలు, ముసలాయన కాలిగోళ్ళు, అన్నీ బంగారు రంగు తిరిగాయి. ఆయన కళ్ళు తెరిచి మొట్టమొదట భార్యను అడిగింది పులుసు పెట్టావా అని. పెట్టింది. తింటూనే, నిన్న సగంలో ఆగిపోయిన కబురును సగం దగ్గర్నుంచే అందుకున్నారు. ఎదురింటివాళ్ళ పడవ బాగుపడిందా, పైడిరాజు ఇంకా చిన్న కన్నుల వలలే అల్లుతున్నాడా, అన్నీ కావాలి ఆయనకు. నన్ను చూసి, నీడ తెలియని చోట పెరిగిన ముఖాలు ఇట్టే తెలిసిపోతాయని నవ్వారు.

వయసులో ఉండగా ఆయన మా మిట్టకు వచ్చి అద్దాలు తుడిచేవారట. కొన్ని నెలలు పైన, మిగతా కాలం ఇక్కడ. జీతం మా దేశంలో పుట్టేది, సంసారం ఇక్కడ కాబట్టి జాతీయ ఆదాయంలో అది తెప్పసీమ ఖాతాకే వచ్చేది. ఈ సూత్రం పరీక్షలో రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. ఆ సూత్రంలోని మనిషి పులుసన్నం కలుపుకుంటుంటే చూడడం మాత్రం ఇదే మొదలు.

వసారాలో పడ్డ వెలుగు మధ్య అరచేయంత మచ్చ ఒకటి మెల్లగా జరుగుతోంది. అదేమిటని అడిగాను.

"అది నాదేనండి," అన్నారు గవరయ్య గారు. "ఆఖరి రోజున ఇంటికొచ్చేసే తొందర్లో ఓ మూల తుడవడం మర్చిపోయానండి. రోజూ వచ్చి పలకరించి పోతది."

ఆ మచ్చ ఆయన మోకాలి మీద కాసేపు ఆగి, మంచం దిగి, నీళ్ళలోకి వెళ్ళిపోయింది. ఆయన కళ్ళు మూతలు పడ్డాయి.

ఈ వెలుగు మధ్య ఆదాయ దేశాలకు రాయితీ మీద ఇస్తున్నాం. తలసరి ఆదాయం ఒక గీత దాటితే రాయితీ పోతుంది, పూర్తి ధర కట్టాలి. తెప్పసీమ ఆ గీతకు కొంచెం కిందే ఉంది.

నమోదు 4

చేపలు, బియ్యం, క్షవరం, పడవ కూలి, తాగునీళ్ళు. వీటి ధరలన్నీ తేలిగ్గానే దొరికాయి. దొరకనివి సేవల పేజీలో ఉన్నాయి. కష్టం చెప్పుకుంటే వినడం, అరగంటకు ఎంత. పిల్లను పాట పాడి నిద్రపుచ్చడం, ఒకసారికి ఎంత. నిద్రలో ఉన్న మనిషి పక్కన కూర్చోవడం, గంటకు ఎంత. మా మిట్టలో ఇవి గౌరవమైన వృత్తులు, మా జాతీయ ఆదాయంలో మంచి వాటా వీటిదే. నాకూ ఒక వినేవాడు ఉన్నాడు, నెల చందా కడతాను. శ్రద్ధగా వింటాడు, వేళ కాగానే దండం పెట్టి లేచిపోతాడు.

ఇక్కడ ఆ మాట అడిగితే జనం నన్ను వింతగా చూస్తున్నారు. మబ్బునిద్ర పట్టినవాళ్ళ దగ్గర వీధివాళ్ళు వంతులేసుకుని కూర్చుంటారు. ఊరికే కూర్చోరు, ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటారు. మాట వినబడకపోతే నిద్రలో ఉన్నవాళ్ళు దారి తప్పి ఎటో వెళ్ళిపోతారని వీళ్ళ నమ్మకం. ఇవాళ గవరయ్య గారి దగ్గర వలలు అల్లే పైడిరాజు వంతు. చిన్న కన్నుల వల ఎందుకు మంచిదో ఆయనకు పూటంతా వివరించాడు. ఆయన మేలుకుని ఉంటే ఒప్పుకునేవారు కాదు కాబట్టి, నిద్రలో ఉన్నప్పుడే గెలిచేద్దామని పట్టుదలగా ఉన్నట్టున్నాడు. గంటకు ఎంత తీసుకుంటావని అడిగితే, దేనికి అని నన్నే తిరిగి అడిగాడు.

ధరల పట్టికలో ఆ గడులు ఖాళీగా ఉండిపోయాయి. ఇలాగే పంపితే పని ఎగ్గొట్టానని పైవాళ్ళు నా మీద విరుచుకుపడతారు. అన్నం దగ్గర కూర్చుని ఆ గోడంతా వెళ్ళబోసుకున్నాను, అన్నం సయించలేదు. అచ్చియ్యమ్మ గారు అంతా విని అయ్యో అన్నారు. విన్నందుకు చందా మాత్రం అడగలేదు.

నమోదు 5

నా పంట పండింది. పొద్దున్నే టీ ఇస్తూ అచ్చియ్యమ్మ గారు, పక్కన కూర్చోవడానికి గంటకు పదిహేను అని రాసుకోమన్నారు. పైడిరాజు ఇంట్లో పద్దెనిమిది అన్నారు. ఆ పక్క ఇల్లాలు ఇరవై రాయమని, మా ఇంటికి వచ్చి తక్కువ రాసుకెళ్ళారని అనిపించుకోకూడదు కదా అని నవ్వింది. పాటకు వేరే, వినడానికి వేరే. మధ్యాహ్నానికి గడులన్నీ నిండాయి.

మిగతా తెప్పల మీద తిరుగుతున్న నా తోటి ఉద్యోగులకూ నిన్నటి దాకా ఇదే తంటా. ఇవాళ వాళ్ళకూ ధరలు దొరికాయట. పోలికలమ్మలు పాపం ఖాళీ గడులతో అవస్థ పడుతున్నారన్న కబురు పడవల మీద నాకన్నా ముందే వెళ్ళినట్టుంది. నాకు ఎక్కడా అనుమానం రాలేదు. నిండిన గడి చూస్తే నాకు కడుపు నిండినట్టు ఉంటుంది, అదో జబ్బు.

నమోదు 8

మా పైఅధికారి సుధన్వ గారు ఫోనులో అభినందించారు. తెప్పసీమ గీత దాటిందట. కూర్చోవడం, వినడం, పాడడం ఇక్కడ ప్రతి ఇంట్లోనూ పొద్దస్తమానం జరిగేవే. ఆ గంటలన్నిటినీ ఆ ధరతో గుణించేసరికి దేశం ఆదాయం ఎగిరి గీత అవతల పడింది. ఆదాయాల పట్టికలో ఉప్పువాడ ఉన్నచోటే ఉంది, తెప్పసీమ మా వైపు ఒక మెట్టు ఎక్కింది. నేను వీధిలోకి తొంగి చూశాను. ఎవరి పొయ్యి మీదా నిన్నటికన్నా ఒక చేప ఎక్కువ ఉడకడం లేదు.

రాయితీ ఈ వారంతో సరి. పూర్తి ధర కట్టాలంటే తాగునీటి యంత్రాలు ఆపుకోవాలని ఇక్కడి సర్కారు చేతులెత్తేసింది. కాబట్టి వెలుగు రాదు. వెలుగు రాకపోతే గవరయ్య గారు ఇక లేవరు. ఇంత సూటిగా రాసుకున్నా నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

అచ్చియ్యమ్మ గారి దగ్గరికి వెళ్ళి, పక్కన కూర్చున్నందుకు ఎప్పుడైనా ఆ పదిహేను తీసుకున్నారా అని అడిగాను. ఆవిడ చేపలు తోముతున్నారు.

"ఎవరిస్తారండి? ఎవరు తీసుకుంటారు?"

"మరి నాకెందుకు చెప్పారు?"

"మీరు గుమ్మంలోకొచ్చి అడిగారు గదండీ. ఆ గడులేవో ఖాళీగా పోతే పైన తిడతారని ఆ పూట అన్నం కూడా సరిగ్గా తిన్లేదు మీరు. గుమ్మంలోకొచ్చిన మనిషిని ఉట్టి చేతుల్తో ఎలా పంపుతామండి, అమ్మాయిగారూ?"

అప్పుడు వెలుగు సంగతి చెప్పాను. ఆవిడ చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళి ఆయన మంచం పక్కన కూర్చున్నారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇక్కడికి వచ్చాక మంచం పక్కన ఎవరైనా మాట లేకుండా కూర్చోవడం నేను చూడలేదు. నాకు ఏడుపొచ్చింది.

నమోదు 9

సుధన్వ గారికి జరిగినదంతా రాశాను. ఆయన చెడ్డవాడు కాదు, ఓపికగానే జవాబిచ్చారు. గీత దాటిన ప్రతి దేశమూ మేము చెప్పింది అబద్ధం అనే అంటుంది, ఆ మాట చెల్లదు. నిజంగా అవసరమున్న మనిషి, నిజంగా డబ్బు ఇవ్వజూపితే, వీళ్ళు నిజంగా కాదనాలి. అప్పుడే ఆ పని అమ్మకానికి లేదని శాఖ ఒప్పుకుంటుందట.

వెంటనే పైడిరాజు చేతిలో డబ్బు పెట్టి, గవరయ్య గారి దగ్గర గంటసేపు కూర్చోమన్నాను. డబ్బు తిరిగి నా సంచిలో పడేసి, వెళ్ళి కూర్చున్నాడు. అది రుజువుగా పంపాను. తిరిగొచ్చింది. ఇదొక పరీక్ష అని ఊరందరికీ తెలుసు, పైగా అవసరం నాది కాదు, కాబట్టి చెల్లదట. నిబంధన ప్రకారం ఆయన మాట సరైనదే. అందుకే నా ఒళ్ళు ఇంకా మండింది.

నమోదు 10

వేళకు మంచం వసారాలోకి తెచ్చారు. పులుసు పొగలు కక్కుతోంది. అందరూ పైకి చూశారు. మబ్బు కదల్లేదు. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు, నన్ను కూడా. తిడితే బాగుండేది. పులుసు చల్లారాక మంచం లోపలికి మోశారు. కాసేపటికి పైడిరాజు గొంతు సవరించుకుని వలల గురించి మొదలుపెట్టాడు.

వీధి సద్దుమణిగాక నా చేతిదీపం తెచ్చి గవరయ్య గారి ముఖం మీద పెట్టాను. చాలాసేపటికి రెప్పలు కదిలాయి. సగం కళ్ళు తెరిచి, ఇందులో నా మచ్చ లేదేంటండి అని అడిగారు. అచ్చియ్యమ్మ గారు నాలుగు ముద్దలు తినిపించారు. పైడిరాజు వలల విషయం తాను ఒప్పుకోనని చెప్పమని చెప్పి మళ్ళీ నిద్రలోకి జారారు.

ఆ దీపంలో వెలుగు రోజుకు ఒక్క మనిషికే సరిపోతుంది. మరి మీకెలాగండి అని అచ్చియ్యమ్మ గారు అడిగితే, పెట్టెలో ఇంకొకటి ఉందని చెప్పాను. లేదు. ఈలోగా పైవాళ్ళకు నచ్చజెప్పే దారి ఏదో ఒకటి దొరక్కపోదు.

నమోదు 11

ఇవాళ రాయడం కష్టంగా ఉంది. నిద్ర పైనుంచి వస్తుందనుకున్నాను. పలకల సందుల్లోంచి వస్తోంది, మడమల దాకా వచ్చింది, చల్లగా బాగుంది. మిట్ట నూరు అయితే తెప్పసీమ ముప్పై మూడు. ఈ అంకెలు దండెం మీద బట్టలతో పాటు ఊగుతున్నాయి, ఏది ఎవరిదో తెలియడం లేదు.

మిట్టలో మా కిటికీలోంచి చూస్తే కింద మబ్బు తెల్లగా, మెత్తగా, చివర కనబడనంత దూరం పరుచుకుని ఉండేది. దాని మీద పడుకుంటే ఎంత బాగుంటుందో అనుకునేదాన్ని. దాని కింద ఎవరో పులుసు కాస్తున్నారని ఎప్పుడూ తోచలేదు.

గవరయ్య గారు ఇవాళ రెండు మాటలు మాట్లాడారు. దీపం ఆయన దగ్గరే ఉంది. మిగతాది రేపు రాస్తాను.

నమోదు 12

తేదీ తెలియదు. తర్వాత కనుక్కుని వేస్తాను.

తెల్లటి మబ్బు మీద నడుస్తున్నాను. దారులు చాలా ఉన్నాయి, అన్నీ మెత్తగానే ఉన్నాయి, ఎటు వెళ్ళినా ఫరవాలేదని అనిపిస్తోంది. ఎటో వెళ్ళబోతుంటే వెనక ఎవరో వల కన్నుల గురించి మాట్లాడుతున్నారు. ఇంత విసుగు మాట ఎవరిదా అని వెనక్కి తిరిగాను. ఇంకోసారి ఎవరో తాడు కోసం పక్కింటితో పడ్డ తగువు చెబుతున్నారు. సగంలో ఆపేశారు, ఎవరు గెలిచారో తెలుసుకుందామని ఆగాను. ఒక ఆడగొంతు పాట పాడింది, అది ఒకసారికి ఎంతో నాకు గుర్తు రాలేదు. అలా ఆగి, వెనక్కి తిరిగి, ఆగి, చివరికి రెప్పల మీద వెచ్చగా తగిలింది. అరచేయంత నీడ ఒకటి నా ముఖం మీదుగా మెల్లగా వెళ్ళింది.

కళ్ళు తెరిస్తే వసారాలో మంచం మీద ఉన్నాను. పక్కన పీట మీద గవరయ్య గారు కూర్చుని, అద్దం మూలలు ఎలా తుడవాలో నాకు చెబుతున్నారు. చెప్పడం ఆపి, "లేచారా అండి? పులుసు పెట్టింది," అన్నారు.

తర్వాత అంతా ఆయనే చెప్పారు. ఒక పొద్దున నేను ఎంత పిలిచినా లేవలేదట. అచ్చియ్యమ్మ గారు ఇంకో దీపం కోసం నా పెట్టె అంతా వెతికి, లేదని తెలిసి, ఆయన ముఖం మీది దీపం తీసి నా ముఖం మీద పెట్టారట. నాకు పట్టిన నిద్ర ఆ దీపానికి లొంగేది కాదు. అయినా ఆవిడ దాన్ని మళ్ళీ ఆయన దగ్గరికి మార్చలేదు. ఇది చెబుతున్నప్పుడు ఆయన గొంతులో కోపం వెతికాను. కొంచెం గర్వం కనబడింది.

ఈలోగా జవాబు లేదని సుధన్వ గారు ఫోను చేస్తే అచ్చియ్యమ్మ గారు తీశారు. సిబ్బంది జబ్బు పడితే పక్కన కూర్చున్నవాళ్ళకు స్థానిక ధర చెల్లించాలని మా శాఖ నియమం. ఆయన నియమం తప్పే మనిషి కాదు. ఎన్ని గంటలు కూర్చున్నారో చెప్పండి, గంటకు పదిహేను చొప్పున ఇప్పుడే పంపిస్తాను అన్నారట. అప్పుడు అచ్చియ్యమ్మ గారు అన్న మాట పైడిరాజు విని, మేలుకోగానే గవరయ్య గారికి చెప్పాడు. ఆయన నాకు ఆవిడ గొంతుతోనే చెప్పారు.

"ఆవేళ ఆ పదిహేను ఈవిడ మొహం చూసి చెప్పానండి, బాబూ. గుమ్మంలోకొచ్చిన మనిషని చెప్పాను. ఇప్పుడు మా ఆయన మొహమ్మీద దీపం తీసి ఈవిడకెట్టాను. దానికెంత కడతారండి మీరు?"

ఆ చివర సుధన్వ గారు ఆ మాట రాసుకున్నారట. తర్వాత వరసలో ఇంటింటికీ ఫోను అందించమన్నారు. ఎన్ని గంటలు కూర్చున్నారని ఇంటింటా అడిగారు. నిజంగానే డబ్బు ఇవ్వబోయారు, ఎందుకంటే నియమం ప్రకారం ఇచ్చి తీరాలి. ఒక్కరూ తీసుకోలేదు. ఇరవై రాయమన్న ఇల్లాలు అయితే ఆయన్ని పెంచినవాళ్ళ గురించి ఆరా తీసిందట. అవసరం నిజం, డబ్బు నిజం, కాదనడం నిజం. అడిగినది ఆయనే కాబట్టి రుజువు కూడా ఆయన చేతిలోనే ఉంది. తెప్పలన్నిటి మీదా ఆ గడులు తుడిపించారు. తెప్పసీమ గీత కిందికి దిగింది. ఇవాళ మధ్యాహ్నం అద్దాలు తిరిగాయి.

అచ్చియ్యమ్మ గారు పళ్ళెం తెచ్చారు. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చాను. ఎందుకలా చేశారని అడిగాను, ఆయనకు ఏమన్నా అయితే ఎలాగని కూడా అడిగాను.

"ఆయన మా ఇంటోడండి, కోప్పడ్డా సర్దుకుంటాడు," అన్నారు. "చల్లారిపోతంది, తినండి."

నమోదు 13

ఇవాళ నా పడవ. దీపం గవరయ్య గారి దగ్గర వదిలేస్తున్నాను, పోయిందని శాఖకు రాశాను. నాకు అచ్చియ్యమ్మ గారు ఎండుచేపల మూట, ఒక పాత దుప్పటి కట్టి ఇచ్చారు. ఎంత అని అడగలేదు. ఆ మాట నోటి దాకా వచ్చింది, మింగేశాను.

సుధన్వ గారి నుంచి ఒక చిక్కు ప్రశ్న వచ్చింది. పట్టిక పూర్తి కావాలంటే గడి ఖాళీగా వదలకూడదు. సున్నా వేస్తే ఇక్కడ ఎవరూ ఎవరి పక్కనా కూర్చోరని అర్థం వస్తుంది. ఏం వేయమంటావు అని అడిగారు. ఆయన నన్ను సలహా అడగడం ఇదే మొదటిసారి. జవాబు ఆలోచిస్తుంటే పైడిరాజు గుమ్మంలోకి వచ్చి, మరిడమ్మ దగ్గర ఈ పూట మీ వంతండి అన్నాడు.

మరిడమ్మది ఈ వరసలో చివరి ఇల్లు. ఆవిడకు నిన్ననే మబ్బునిద్ర పట్టింది. పడవ ఉందని పైడిరాజుతో అనబోయాను. అతను అప్పటికే వెళ్ళిపోయాడు, నేను వస్తానని అతనికి అనుమానమే లేదు.

వచ్చి కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తెలియలేదు. నాకు వలలు రావు, పులుసు రాదు, ఎవరితోనూ తాడు తగువు లేదు. చివరికి మా దేశంలో ధరలు చెప్పడం మొదలుపెట్టాను. మా దగ్గర కష్టం వింటే అరగంటకు ఇంత, మరిడమ్మ గారూ. పాట పాడితే ఇంత. చెయ్యి పట్టుకుని లేపితే ఇంత. నా గొంతు నాకే కొత్తగా వినిపిస్తోంది. పాట ధర దగ్గర ఆవిడ పెదవి కదిలినట్టు అనిపించింది, నా భ్రమ కావచ్చు.

రేవులో పడవ వచ్చిందని కేక వేస్తున్నారు. నా వంతు ఇంకా అయిపోలేదు.